తమ్ముడు బుక్ చేసిన కారు

సిద్ధాపురం,
జూలై 9.

ఉమకు,

ఉత్తరం మొదట్లో ఏం రాయాలో తెలియక చాలాసేపు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ నీకు రాసినప్పుడల్లా చి.ల.సౌ. అని మొదలుపెట్టాను. ఇప్పుడు చెయ్యి ఆడలేదు. అందుకని ఉత్త పేరే రాశాను. తప్పుగా అనుకోకు.

తమ్ముడు నెలకో ఉత్తరం రాసేవాడు. నాకు చెవులు పూర్తిగా పోయాక ఫోనులో అక్కతో మాట్లాడలేనని, ఉల్లిపాయల లారీలు వాకిట్లో దిగుతున్నా కొట్లో కూర్చుని రాసేవాడు. మా అబ్బాయి నిరంజన్ హైదరాబాదు నుంచి పెద్ద ఫోను తెచ్చిచ్చాడు గానీ, నేనొక అక్షరం నొక్కితే అది ఇంకో అక్షరం వేస్తుంది. ఈ నెల పోస్టుమాన్ మా గుమ్మం వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఇక వాడి బదులు నువ్వు రాస్తావో రాయవో నాకు తెలియదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న తమ్ముడి స్నేహితుడు అబ్బాయిరాజుగారు అత్తిలి నుంచి వచ్చారు, చెరువుకి మేత బస్తాలు కావాలని. మా కొట్టు ముందు నిలబడి తన ఫోనులో ఫొటో చూపించారు. కొత్త కారు, దానికి పూలదండ, పక్కన నువ్వు. చేతిలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి. గిరి పోయి నెల తిరగలేదు ఉమా. ఆయన వెళ్లాక లోపలికొచ్చి కూర్చున్నాను.

నిన్ను తప్పుపట్టాలని రాయడం లేదు. కానీ మనసులో పెట్టుకుని ఉంటే అది ఇంకోలా పెరుగుతుంది. మూడోరోజున నేను వచ్చినప్పుడు నీ కంట్లో నీళ్లు చూడలేదు. పెద్దకర్మనాడూ చూడలేదు. వచ్చినవాళ్లకి నువ్వే మంచినీళ్లు అందించావు. ఇప్పుడు ఈ కారు. నాకు అర్థమయ్యేలా ఒక్కమాట రాయి.

మీ అన్నయ్యకి కాస్త ఆయాసంగా ఉంటోంది. మామూలే.

ఇట్లు,
దుర్గ వదిన

*

తాడేపల్లిగూడెం,
జూలై 17.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నెలనెలా నేను రాస్తానండీ. ఆయనలా రాయడం నాకు రాదు.

ఆ కారు ఫిబ్రవరిలో మీ తమ్ముడు బుక్ చేశారు. కరెంటు కారు. జూన్ ఆఖర్న షోరూము వాళ్లు ఫోను చేసి సార్ ఉన్నారా అని అడిగారు. లేరన్నాను. ఎప్పుడొస్తారని అడిగారు. రారన్నాను. తర్వాత ఎవరో పెద్దాయన వచ్చి, వద్దనుకుంటే మానేయొచ్చు మేడమ్, ఏలూరు వచ్చి ఒకసారి చెప్పాలి అన్నారు. తీసుకోవాలంటేనో అని అడిగాను. దానికీ ఏలూరు రావాలన్నారు. రెండింటికీ వెళ్లాల్సింది ఏలూరే కదా అనుకుని, మా గుమాస్తా బాలస్వామిని తీసుకుని వెళ్లాను. వెళ్లేదాకా ఏం చెప్పాలో అనుకోలేదు. వెళ్లాక వద్దని చెప్పడానికి చాలా మాటలు కావాలనిపించింది. తీసుకుంటానంటే ఒక్కమాటతో సరిపోయింది. దండ వాళ్లే వేశారు. తాళంచెవి వాళ్లే పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

కన్నీళ్ల గురించి అడిగారు. రాలేదండీ. ఎందుకు రాలేదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కారు ఎందుకని అడిగారు. దానికైతే చెప్పగలను. షోరూములో హర్షిణి అని ఒక అమ్మాయి గంటసేపు కూర్చుని అన్నీ చెప్పింది. ఆ నెలంతా ఎంతోమంది ఎన్నో చెప్పారు గానీ, నా తలకెక్కిన మాటలు ఆ పిల్లవే.

దీనికి పెట్రోలు అక్కర్లేదు. ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండుతుంది. మీ తమ్ముడు పోయినేడు మేడమీద సోలార్ పలకలు వేయించారు కదా, పగలు పెడితే ఆ ఎండే సరిపోతుంది. ఇంజను లేదు కాబట్టి ఆయిలు మార్చడం, ఫిల్టరు మార్చడం లాంటివి ఉండవు. పాడయ్యే భాగాలే తక్కువట. క్లచ్చి లేదు, గేర్లు లేవు. పొగ రాదు. ఎండలో ఆపి కూర్చున్నా ఏసీ తిరుగుతుంది, పొగ పీల్చే భయం లేదు. చప్పుడు ఉండదు. బజార్లో ఆవులు పక్కకి తప్పుకోవడం లేదని బాలస్వామి విసుక్కుంటున్నాడు.

ఇవీ ఉపయోగాలు. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

ఉమామహేశ్వరి

*

సిద్ధాపురం,
జూలై 24.

ఉమకు,

నేను తమ్ముడి గురించి అడిగాను. నువ్వు కారు గురించి రాశావు. ఆ షోరూము పిల్లే రాసినా ఇంత వివరంగా రాయదు.

చప్పుడు లేదన్నావు. నాకు ఏ బండికీ చప్పుడు లేదమ్మా. మా వాకిట్లోంచి ఆకివీడు వెళ్లే చేపల లారీలకీ లేదు. అదేం గొప్ప.

నాకు కావలసింది వేరే. ఆరోజు వాడు ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, ఎటు తిరిగి పడుకున్నాడు, అది రాయి. కడసారి చూపు నాకు దక్కలేదు. నేను వచ్చేసరికి మూడోరోజు. బస్సు దొరకలేదని చెప్పాను. నువ్వు తల ఊపావు. మళ్లీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

దుర్గ

*

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 11.

వదినగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. మీరు అడిగినది రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ఆరోజు కర్నూలు లారీ రావడం ఆలస్యమైందని మధ్యాహ్నం పెందరాళే ఇంటికి వచ్చారు. దోసకాయపప్పు, మజ్జిగ. రెండోసారి మజ్జిగ అడిగారు. ఎడమచెయ్యి లాగుతోందన్నారు. పొద్దున్న కూలీలు తక్కువై తనూ ఒక బస్తా పట్టారట, అందుకే అన్నారు. నేనూ అందుకే అనుకున్నాను. పడమటి గదిలో మంచం మీద పడుకున్నారు. నేను కింద చాప మీద బట్టలు మడతపెడుతున్నాను.

"ఉమా, ఆ కారు వచ్చాక నువ్వు నడపడం నేర్చుకోవాలి. దానికి గేర్లుండవు. భయపడాల్సింది ఏమీ లేదు" అన్నారు.

"ఈ వయసులో నాకెందుకండీ. మీరున్నారుగా" అన్నాను.

ఆయన నవ్వి గోడవైపు తిరిగారు. నిద్రపోయారనుకున్నాను. బట్టలన్నీ మడతపెట్టాను. బీరువాలో సర్దాను. టీ పెట్టి లేపాను.

అంతేనండీ. ఇంకేమీ జరగలేదు. ఎవరికైనా చెబితే ఇంకా ఏదో ఉంటుందన్నట్టు చూస్తారు. మీరు అలా చూడరని రాస్తున్నాను.

తర్వాత నేను కారు నేర్చుకున్నాను. మన ఊళ్లో ఆ పాత రన్‌వే ఉంది కదా, యుద్ధంలో విమానాలు దిగడానికి వేసింది. ఊళ్లో అందరూ బండ్లు అక్కడే నేర్చుకుంటారు. పొద్దున్నే బాలస్వామి తీసుకెళ్లి పక్కన కూర్చున్నాడు. తొక్కితే వెళుతుంది. కాలు తీస్తే తనే నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించినప్పుడు కాస్త కరెంటు మళ్లీ బ్యాటరీలోకి వెళుతుందట. వారానికే ఒక్కదాన్నే నడిపాను. ఆ చివరిదాకా వెళ్లి, తిప్పుకుని, ఈ చివరికి రావడం. సంతోషం అనిపించలేదు, భయమూ వెయ్యలేదు. ఇంట్లో కూర్చున్నట్టే ఉంది, కాకపోతే కదులుతూ ఉంటుంది.

కొట్టు బాలస్వామే చూస్తున్నాడు. నేను వెళ్లడం లేదు. విశాఖ నుంచి సింధూరి ఫోను చేసి, అమ్మా ఆ కారు అమ్మెయ్ అంటోంది. దాన్ని చూస్తే నాన్న గుర్తొస్తాడట. నాకు చూడకపోయినా గుర్తొస్తారు, చూసినా ఏమీ అవదు. అది దానికి చెప్పలేదు.

ఉమామహేశ్వరి

*

సిద్ధాపురం,
ఆగస్టు 20.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "రెండోసారి మజ్జిగ అడిగాడా" అని మాత్రం అడిగారు. ఆయన పెదవులు చూస్తే నాకు మాట తెలుస్తుంది. అవునన్నాను. నువ్వు బట్టలు సర్దిన సంగతి నేనెవరికీ చెప్పను. నిద్రపోతున్న మనిషిని ఎవరు లేపుతారు.

నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు. నేనూ రాస్తాను.

బస్సు దొరక్కపోవడం కాదు. గిరి పోయాడని కబురు వచ్చినప్పుడు నేను ఏలూరులో ఆసుపత్రిలో ఉన్నాను. ఆ ముందురోజే మీ అన్నయ్యకి ఊపిరి అందక తీసుకెళ్లాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయట. ఇక బాగవడం ఉండదు, ఉన్నది నిలబెట్టుకోవడమే అని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఆయన్ని అక్కడ వదిలి తమ్ముడి దగ్గరికి రావాలా, తమ్ముణ్ణి అలా పంపేసి ఆయన దగ్గర ఉండాలా. ఆయన కాస్త తేరుకునేదాకా ఉండిపోయాను. ఆ సమయంలో మీ ఇంట్లో ఈ మాట కూడా ఎందుకని బస్సు అన్నాను.

ఇప్పుడు ఇంట్లో మిషను పెట్టారు. గాల్లోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలోంచి ముక్కుకి ఇస్తుంది. రోజంతా తిరగాలి. కరెంటు మీదే తిరుగుతుంది. కరెంటు పోతే కూత పెడుతుందట. ఆ కూత నాకెలా వినపడుతుంది. అందుకని మంచం పక్కన చాప వేసుకుని, చెయ్యి ఆ మిషను మీద వేసి పడుకుంటాను. అది సన్నగా అదురుతూ ఉంటుంది. అదురు ఆగితే మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు లేచి ఇన్వర్టరు మీదికి మారుస్తాను. ఇన్వర్టరు ఎక్కువసేపు రాదు. సిలిండరు ఒకటి ఉంది, అదీ ఒక్క పూటకే.

నిరంజన్‌కి పూర్తిగా చెప్పలేదు. కొత్త ఉద్యోగం వాడికి.

నెలకోసారి ఏలూరు తీసుకురమ్మన్నారు. ఆయన బయల్దేరనంటున్నారు. క్రితంసారి డీజిలు బండిలో తీసుకెళితే ఆ వాసనకి దారంతా దగ్గు. తిరిగొచ్చాక రెండ్రోజులు లేవలేదు.

దుర్గ

*

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 2.

వదినగారికి నమస్కారాలు.

మీరు రాలేదని నేనెప్పుడూ అనుకోలేదండీ. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆ మూడ్రోజులూ నాకు తెలియలేదు.

ఏలూరు ఎప్పుడు వెళ్లాలో అన్నయ్యగారిని నాకు ఫోను చెయ్యమనండి. గణపవరం మీదుగా వచ్చి మిమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుంటాను. బండిలో వాసన ఉండదు. అద్దాలు మూసి ఏసీ వేస్తే బయటి పొగ రాదు. సీటు వెనక్కి వాల్చవచ్చు.

ఏడాది తిరక్కుండా గడప దాటుతోందని మీ ఊళ్లో ఎవరైనా అంటే అననివ్వండి. ఇక్కడ అన్నవాళ్లు అని ఊరుకున్నారు.

ఉమామహేశ్వరి

*

సిద్ధాపురం,
సెప్టెంబరు 20.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

నువ్వు దింపి వెళ్లిన మర్నాడు ఈయన మామూలుగా లేచి కూర్చున్నారు. పేపరు అడిగారు. నాకు నమ్మకం కుదరక వెంటనే నీకు రాయలేదు. ఇప్పుడు వారమైంది, ఇంకా బాగానే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

నీ మొదటి ఉత్తరంలో కారు ఉపయోగాలు రాస్తే నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు నేనే రాస్తున్నాను చూడు. కైకలూరు దాటాక కొల్లేరు మీద రోడ్డు ఎలా ఉంటుందో తెలుసుగా. ఆ గోతుల్లో కూడా ఇంజను అదురు లేదు. సిలిండరు కాళ్ల దగ్గర పెట్టుకుని, వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నారు. ఒక్కసారి కూడా దగ్గలేదు. నీళ్ల మీద కొంగలు కనిపించినచోట ఆపమన్నారు. నువ్వు ఆపావు. ఇంజను ఆపెయ్యి, పెట్రోలు దండగ అన్నారట. ఇంజను లేదండీ అన్నావట నువ్వు. ఇంటికొచ్చాక నాకు చెప్పి నవ్వుకున్నారు. నవ్వితే ఆయాసం వస్తుందని మధ్యలో ఆపేశారు.

ఇంకో మాట. నాకు చెవుడని అందరూ మొహంలో మొహం పెట్టి అరుస్తారు. లేకపోతే జాలిగా చెయ్యి పట్టుకుంటారు. నువ్వు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నాతో ఒక్కమాట మాట్లాడకుండా రోడ్డు చూసుకుంటూ నడిపావు. బతికున్న మనుషులు ముగ్గురు ఆ ఇంజను మాట తప్ప ఏ మాటా లేకుండా అంతదూరం వెళ్లొచ్చాం. నాకు హాయిగా ఉంది.

నీ మొహంలో మాత్రం ఏమీ కనిపించలేదమ్మా. అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు దాన్ని తప్పుపట్టడం లేదు. చూశానని చెబుతున్నాను.

కారు అమ్మకు. సింధూరికి నేను రాస్తాను.

దుర్గ వదిన

*

తాడేపల్లిగూడెం,
నవంబరు 6.

వదినగారికి నమస్కారాలు.

నేను క్షేమంగా చేరాను. దారిలో ఇంకా చెట్లు అడ్డంగానే ఉన్నాయి. ఊళ్లోకి కరెంటు వచ్చింది. మీకు కూడా నిలకడగా ఉందని అన్నయ్యగారు ఫోనులో చెప్పారు.

తుఫాను రోజుల్లో మనం ఒకే ఇంట్లో ఉన్నా కొన్ని మాటలు మీకు అందలేదు. వినపడనివి రాయడం నా బాధ్యత అనిపించింది.

తుఫాను వస్తోందని టీవీలో చెబుతుంటే నాకై నేను బయల్దేరి వచ్చానని మీరనుకున్నారు. కాదండీ. ముందురోజు పొద్దున్న అన్నయ్యగారు ఫోను చేశారు. "అమ్మా, దుర్గకి చెప్పకు, కంగారు పడుతుంది. ఈసారి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. సిలిండర్లు ఆకివీడులో దొరకడం లేదు. నీ కారు ఒకసారి ఇటు తీసుకురాగలవా, ఏలూరు వెళ్లిపోదాం" అన్నారు. ఏలూరు ఆసుపత్రికి ఫోను చేస్తే అప్పటికే మంచాలు ఖాళీ లేవన్నారు.

నాకు హర్షిణి చెప్పినది అప్పుడు గుర్తొచ్చింది. కారు బ్యాటరీలోంచి కరెంటు బయటికి తీసి ఇంట్లో సామాను నడపొచ్చని, దానికి ఒక వైరు ఇచ్చింది. అది నాకెందుకని ఆరోజు సంచీ కూడా విప్పలేదు. మీకు రాసిన ఉపయోగాల్లో అది లేదు. మిషనుకి ఎంత కరెంటు కావాలో దాని వెనక చీటీ మీద చూసి చెప్పమని అన్నయ్యగారిని అడిగాను. ఆయన చదివి చెప్పారు. హర్షిణికి ఫోను చేశాను. ఆ అమ్మాయి లెక్కవేసి, నిండా చార్జింగ్ ఉంటే రోజుల తరబడి వస్తుందండీ, వెళ్లండి అంది.

మిగతాది మీరు చూశారు. సాయంత్రానికే కరెంటు పోవడం, కారుని అరుగు పక్కకి తెచ్చి కిటికీలోంచి వైరు తియ్యడం, మీరు మిషను మీద చెయ్యి వేసి తల ఊపడం. రెండోరోజు ఊళ్లోవాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చారు. చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే మోటార్లు ఆగిపోయి చేపలు తేలుతున్నాయని, కొడుకులకి కబురు చెప్పాలని. అందరివీ చార్జింగ్ పెట్టాం. మూడోరోజున లైనుమాన్ స్తంభం ఎక్కేసరికి కూడా బ్యాటరీ సగంపైనే ఉంది.

రెండోరోజు మధ్యాహ్నం మీరు కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయారు. మీ చెయ్యి తీసి పక్కన పెట్టి నా చెయ్యి వేశాను. అప్పుడు అన్నయ్యగారు మాట్లాడారు. ఊపిరి కూడదీసుకుంటూ, ఆగి ఆగి.

"ఈ కారు సంగతి గిరి నాతో అన్నాడు" అన్నారు. "కొనేముందు ఇక్కడికొచ్చి కూర్చుని చెప్పాడు. ఉమ ఎక్కడికైనా వెళ్లాలంటే నన్ను అడుగుతుంది బావా, లేదా ఆగిపోతుంది. తనంతట తను వెళ్లడం రావాలి. గేర్ల బండి నేర్పితే రెండ్రోజులకి మానేసింది. ఇది మానదు అన్నాడు."

గేర్ల బండి నేర్పబోయింది సింధూరి పుట్టకముందు. ఆయనకి గుర్తుంటుందనుకోలేదు.

విని ఏమైనా అవుతుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అవలేదు. మిషను మీద చెయ్యి అలాగే ఉంచాను.

ఆయన ఇంకా ఒకమాట చెప్పారు. అది ఇప్పుడు రాయను. రాయాల్సినప్పుడు రాస్తాను.

ఉమామహేశ్వరి

*

సిద్ధాపురం,
డిసెంబరు 28.

ఉమా,

నువ్వు, సింధూరి వెళ్లాక ఇల్లంతా ఖాళీ అయింది. నిరంజన్ ఉన్నాడు. ఫోనులో ఆఫీసు పని చేసుకుంటున్నాడు.

మీ అన్నయ్య ఎలా పోయారో అందరికీ చెప్పాను గానీ ఒకటి చెప్పలేదు. నీకు రాస్తున్నాను. తెల్లవారి మెలకువ వచ్చింది. చెయ్యి మిషను మీదే ఉంది. అది అదురుతోంది. అదురుతోంది కదా అని లేవకుండా ఇంకాస్త పడుకున్నాను. లేచి కాఫీ కలిపాను. ఆయన కాఫీ స్టూలు మీద పెట్టి భుజం తట్టాను. అప్పటికి ఎంతసేపయిందో. మిషను అదురుతూనే ఉందమ్మా. అది అదురుతున్నంతసేపూ ఆయన ఉన్నారనే లెక్క నాకు. ఆ లెక్క తప్పు అవుతుందని ఎప్పుడూ తట్టలేదు.

నాకు ఏడుపు రాలేదు. పదకొండు రోజులూ రాలేదు. వచ్చినవాళ్లు నా మొహం చూసి పక్కకి తిరుగుతున్నారు. చెవిటిది, దీనికి అర్థమైందో లేదో అనుకున్నారేమో. నిన్ను జూలైలో నేను ఏమడిగానో అది నన్నెవరూ అడగలేదు. అడిగితే నేనేం రాసేదాన్ని. మిషను ఉపయోగాలు రాసేదాన్ని.

ఇది ఎన్నాళ్లుంటుంది? నీకు ఆరునెలలు నిండాయి. తెలిసుంటుందని అడుగుతున్నాను.

మిషను ఏలూరు ఆసుపత్రి వాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు నిరంజన్. అవసరమైనవాళ్లకి పనికొస్తుంది, ఇంట్లో ఎందుకు అంటున్నాడు. నిజమే. సోమవారం బండి వస్తుందట.

దుర్గ

*

తాడేపల్లిగూడెం,
డిసెంబరు 31.

వదినగారికి,

ఈ ఉత్తరం బాలస్వామి చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో అయితే సోమవారంలోగా అందదు. నిరంజన్‌తో ఫోనులో మాట్లాడాను. బండి రాదు.

అన్నయ్యగారు తుఫానునాడు చెప్పిన రెండోమాట ఇది. "నేను పోయాక ఈ మిషను వెంటనే ఎవరికీ ఇవ్వనివ్వకు ఉమా. దీని మీద చెయ్యి లేకపోతే దుర్గకి నిద్రపట్టదు. కొన్నాళ్లు ఉండనివ్వండి. తనకి అక్కర్లేదనిపించినప్పుడు తనే ఇస్తుంది."

నన్ను మాట ఇమ్మన్నారు. ఇచ్చాను.

ఎన్నాళ్లుంటుందని అడిగారు. నాకూ తెలియదండీ. పోయిందనుకోవడానికి ఏం జరగాలో కూడా తెలియదు. అలాగే ఉండి కొన్ని పనులు చెయ్యొచ్చని మాత్రం తెలిసింది. బండి నడపొచ్చు. మొన్నటి నుంచి కొట్టుకి వెళుతున్నాను. ధర చెబుతున్నాను. కూలీలు వచ్చి అమ్మగారూ అంటే తలెత్తి చూస్తున్నాను.

మీరు ఏడవలేదని నేనేమీ అనుకోలేదు. మంచినీళ్లు అందరికీ మీరే ఇస్తుంటే చూశాను. గ్లాసులు నేను కడిగాను.

నెల పోయాక వచ్చి తీసుకెళతాను. ఒక వారం నా దగ్గర ఉందురుగాని. మాట్లాడాల్సిన పనేమీ ఉండదు.

ఉమ

*

సిద్ధాపురం,
ఫిబ్రవరి 16.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

నిన్న మిషను ఇచ్చేశాను. దుంపగడపలో ఒక రైతుకి కావాలట, ఆయన కోడలు వచ్చింది. ఎలా వాడాలో నేనే చూపించాను. నువ్వు బాలస్వామి చేత కబురు పంపాక చాలా రోజులు దాని స్విచ్చి వేసుకునే పడుకున్నాను, గొట్టం గోడకి తగిలించి. నిరంజన్ ఒకరోజు గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికొచ్చి నా దుప్పటి సరిచేసి వెళ్లాడు. మీ ఇంటి నుంచి వచ్చిన రోజు వెయ్యడం మర్చిపోయి నిద్రపోయాను. మర్నాడు చూసుకుంటే ప్లగ్గు తీసే ఉంది. అప్పుడనుకున్నాను, ఇక ఇవ్వొచ్చని.

మీ రన్‌వే మీద నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. బాలస్వామి తువ్వాలు ఊపుతూ అంత దూరంలో నిలబడ్డాడు, ఆపమన్నప్పుడు కనపడాలని. చెవులు ఉన్న రోజుల్లో మా ఆయన స్కూటరు నేర్పుతానని, ఇంజను మోత వింటే గేరు ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది అనేవారు. చెవులు పోయాక ఆ మాటే మర్చిపోయాను. దీనికి వినాల్సిందేమీ లేదు. వినేవాళ్లకి ఎంత తెలుస్తుందో నాకూ అంతే. అద్దాలు చూసుకోవాలి, కళ్లు తెరిచి ఉంచాలి. అది నాకు బాగా అలవాటే.

వాడు తువ్వాలు ఊపాడు. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. ఆ చివరిదాకా పోనిచ్చాను. నీ మొహం చూడాలనిపించి పక్కకి తిరిగితే నువ్వు నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నావు. నాకు ఏమనిపించిందో తెలియదు. ఏదో అనిపించింది.

లైసెన్సు ఇస్తారో లేదో, ఆకివీడులో కనుక్కోమని నిరంజన్‌కి చెప్పాను. చెవిటివాళ్లకి కూడా ఇస్తారట ఇప్పుడు. ఇస్తే మేతకొట్టు నేనే నడుపుతాను, మూసెయ్యను అన్నాను. వాడు సరే అన్నాడు.

ఏడుపు రాలేదు. రాకపోతే మానె.

దుర్గ వదిన

*

తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 24.

వదినగారికి నమస్కారాలు.

మీరే మిషను ఇచ్చెయ్యడంతో అన్నయ్యగారి మాట నెరవేరింది. లైసెన్సు సంగతి నేనూ ఏలూరులో కనుక్కున్నాను. డాక్టరు సర్టిఫికెట్ తీసుకురమ్మన్నారు. వచ్చేవారం ఇద్దరం వెళదాం.

సింధూరి ఇక కారు అమ్మమనడం లేదు. వచ్చినప్పుడు నాన్న కారు అంటోంది, తాళాలు ఎక్కడ పెట్టావని అడుగుతోంది.

మిమ్మల్ని సిద్ధాపురంలో దింపి వస్తూ ఒకటి జరిగింది. చెప్పుకోదగ్గది కాదు. మీకు కాక ఇంకెవరికి చెప్పినా వింతగా చూస్తారు.

గణపవరం దాటాక కాలవ పక్కన ఒక పాక హోటలు ఉంది. ఇన్నిసార్లు ఆ దారిన వెళ్లాను, ఎప్పుడూ కంటికి ఆనలేదు. ఆరోజు దాని ముందుకి వచ్చేసరికి కడుపులో ఏదో అయింది. ముందు తెలియలేదు. బండి పక్కకి తీసి ఆపాను. కూర్చుని ఆలోచిస్తే, ఆకలి. జూన్ నుంచి వేళకి తింటూనే ఉన్నాను గానీ ఆకలేసి తిన్నది లేదు. ఏం తిన్నానో చెప్పమంటే చెప్పలేను.

దిగి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. ఒక్కత్తినీ హోటల్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. పెసరట్టు ఉందన్నారు. తెమ్మన్నాను. అల్లప్పచ్చడి ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఏడుపు కాదండీ, అల్లమే. అయినా తుడుచుకోలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చాను. పెసరట్టు అంచులు కరకరమన్నాయి. మధ్యలో ఉల్లిపాయ ముక్కలు తీయగా ఉన్నాయి. ఏ ఊరి సరుకో నోటికే తెలిసిపోయింది.

హోటలాయన పెనం దగ్గర్నించి నన్ను చూశాడు. "ఇంకోటి వెయ్యమంటారా అండీ" అన్నాడు.

వెయ్యమన్నాను.

ఉమ